చిట్టీ షూరిటీ సంతకం: వాక్యంలో జవాబు ఎట్ల వెదకాలె?

నయీంనగర్_తమ్ముడు (హన్మకొండ) | మంగళవారం రాత్రి 9:52

అందరికీ వందనాలు. మా పెద్దమ్మ కొడుకు నర్సంపేట దిక్కు కౌలుకు భూమి తీసుకొని మిర్చి పెడ్తడు. ఐదు లక్షల చిట్టీ పాట పాడి ఎత్తుకున్నడు. డబ్బు చేతికి రావాలంటే కంపెనీ వాళ్లు షూరిటీలు అడుగుతున్నరు. నాది సర్కారు కొలువు, జూనియర్ అసిస్టెంటును. "తమ్మీ, జీతం సర్టిఫికెట్ తెచ్చి ఒక్క సంతకం పెట్టు, చాలు" అన్నడు. చిన్నప్పుడు నన్ను సైకిల్ మీద బడికి దింపినోడు, కాదనుడు ఎట్ల?

బైబిల్ల సామెతల గ్రంథం 6వ అధ్యాయం తెరిస్తే పూటపడొద్దు అన్నట్టే ఉంది. పూట అంటే మన షూరిటీయే గదా. ఇదే ముచ్చట మా సంఘంల ఒక పెద్దమనిషితోని అంటే, "మత్తయి 5:42 చూడు, నిన్ను అడుగువానికిమ్ము అన్నడు ప్రభువు. ప్రభువు మాట కంటే సామెతలు చెప్పిన సొలొమోను రాజు మాట ఎక్కువనా?" అన్నడు. రెండూ వాక్యమే. ఏది పట్టుకోవాలె?

బుధవారం యూత్ బైబిల్ స్టడీ నేనే నడిపిస్త. అందరి ఫోన్లల్ల ఏడాదిలో బైబిల్ ప్లాన్ ఉన్నది, రోజూ టిక్కులు పడుతున్నయి. ఇసొంటి నిర్ణయం ముంగటికి వస్తే మాత్రం ఎవరి నోట్లె మాట లేదు. సంతకం సంగతి తర్వాత, ముందుగాల ఒక ప్రశ్నను పట్టుకొని వాక్యంలకు పోవుడు ఎట్లనో చెప్పండి.

ప్రార్థనావీరుడు | రాత్రి 10:05

యాకోబు 1:5 బ్రదర్. జ్ఞానం కొదువైతే అడగండి, ధారాళంగా ఇస్తాడు. మీకోసం ప్రార్థిస్తున్నాం. 🙏

కాజీపేట_టీచరమ్మ | రాత్రి 10:41

తమ్ముడూ, పైన చెప్పిన యాకోబు 1:5 తోపాటు సామెతలు 2 మొదటి ఆరు వచనాలు నెమ్మదిగా చదువు. అక్కడ మొర్రపెట్టడమూ ఉంది, వెండిని వెదకినట్లు వెదకడమూ ఉంది. ఆరో వచనంలో "యెహోవాయే జ్ఞానమిచ్చువాడు" అంటాడు. ఇచ్చేది ఆయనే, అయినా వెదకమని మనకే చెప్పాడు. మనవాళ్లు మొర్రపెట్టే భాగం బాగా చేస్తారు. వెదికే భాగం జనవరి ఒకటో తారీఖు తెల్లవారుజామున తీసిన వాగ్దాన కార్డుతో, ఆ ఏటికని ఒక్క వచనం రాసి ఉండే కార్డుతో, అయిపోతుంది.

కార్డు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను. యిర్మీయా 29:11 లేని ఇల్లు మన సంఘాల్లో ఉందా? "సమాధానకరమైన ఉద్దేశములు" అని ఫ్రిజ్ మీద అంటించి ఉంటుంది. అది బబులోనుకు చెరపట్టబడిపోయిన వాళ్లకు రాసిన ఉత్తరం. పై వచనంలోనే డెబ్బై ఏండ్లు అని ఉంది. వెనకటి అధ్యాయం తిప్పితే, రెండేండ్లలో అంతా సర్దుకుంటుందని చెప్పిన హనన్యా అనే ప్రవక్త కనిపిస్తాడు. వినేవాళ్లకు హనన్యా మాటే తియ్యగా ఉండి ఉంటుంది, కానీ అది అబద్ధం. యిర్మీయా ఏమన్నాడంటే ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, అక్కడే ఉండబోతున్నారు అని. ఉత్తరమంతా చదివినవాడికి 11వ వచనం ఓర్పు నేర్పుతుంది, కార్డు మాత్రమే చదివినవాడు ఫిబ్రవరికల్లా దేవుడి మీద అలుగుతాడు.

ఇక నీ ప్రశ్న. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకొని పూట గురించి ఉన్న వచనాలన్నీ చేత్తో రాయి. సామెతల్లోనే ఆరు చోట్ల ఉంది: 6:1, 11:15, 17:18, 20:16, 22:26, 27:13. ఒక్కొక్కదాని పైనా కిందా ఏముందో కూడా రాయి. 17:18లో తెలివిమాలినవాడు పూటపడతాడని ఉంది. దాని పై వచనం ఏంటో తెలుసా? "నిజమైన స్నేహితుడు విడువక ప్రేమించును." ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి! ప్రేమించు, సంతకం మాత్రం పెట్టకు అన్నట్టు. నీ సైకిల్ అన్న సంగతి ఆ రెండు వచనాల మధ్యనే ఉంది.

ఇంకో జాగ్రత్త. సామెతను చట్టంలా చదవకు. 26:4లో మూర్ఖుడికి వాడి మూఢత చొప్పున జవాబియ్యవద్దని ఉంది, 26:5లో ఇవ్వమని ఉంది. ఎప్పుడు ఏది అన్నది తేల్చుకోవాల్సింది మనమే. అందుకే అది జ్ఞాన గ్రంథమైంది.

బాయి_అన్న (గోదావరిఖని) | రాత్రి 11:20

తమ్మీ వందనాలు. నేను బొగ్గు బాయిల పనిజేసి రిటైరైనోన్ని. టీచరమ్మ వెండిని వెదకుడు అన్నది గదా, యోబు 28 సుత సదువు. అది రాసినోడు బాయి సూసిండో ఏందో అనిపిస్తది నాకు. చీకట్లకు దిగుతరు, జనం తిరిగే జాగకు దూరంగ సొరంగం తవ్వుతరు, వేలాడుకుంట పనిజేస్తరు, డేగ కన్ను సుత సూడని తొవ్వ అది, కొండలను కుదుళ్లతోని బోర్లేస్తరు. ఇన్ని తవ్వినోన్ని పట్టుకొని "జ్ఞానం యాడ దొర్కుతది?" అని అడిగితే సెప్పలేడు. అగాధం నా తాన లేదంటది, సముద్రం నా తాన లేదంటది. ఆఖర్ల దేవుడే చెప్తడు: ప్రభువునందు భయభక్తులు కలిగి ఉండుటయే జ్ఞానం, దుష్టత్వం విడుచుటయే వివేకం.

మేం బాయిల పని మొదలువెట్టే ముంగట కప్పు తట్టి సూస్తం. రాడ్డుతోని కొడితే గట్టి కప్పు ఖంగున మోగుతది, పొర ఇడిసింది డొల్లగ డబ్బుమంటది. కండ్లకు రెండూ ఒక్కతీర్గనే కనవడ్తయి. క్యాప్ ల్యాంప్ వెలుగు ఎంత కొట్టినా తేడా తెల్వది, చెవి వెట్టి ఇనాలె. ఎవడన్న ఒక్క వచనం తెచ్చి "దీని కింద నిలవడు" అంటె గట్లనే తట్టు. ఎవలికి చెప్పిండు, ముంగట ఏమున్నది, ఎన్క ఏమున్నది. మీ పెద్దమనిషి తెచ్చిన మత్తయి 5:42ను సుత తట్టు, గా వచనం డొల్లది కాదు, నువ్వు దాని కింద నిలవడ్డ జాగ సరైందా కాదా సూస్కో.

ఆత్మానుసారి | బుధవారం ఉదయం 6:15

ఇంత నోట్‌బుక్కులు, ఇంత తవ్వకాలు అవసరమా? అక్షరము చంపును, ఆత్మ జీవింపచేయును. శాస్త్రులు, పరిసయ్యులు కూడా బాగా చదివినవాళ్లే. ఏం లాభం? మోకరిస్తే ప్రభువే మాట్లాడుతాడు. నేను ఇన్నేండ్లు అట్లనే నడిచాను.

కాజీపేట_టీచరమ్మ | ఉదయం 7:02

అన్నా, పరిసయ్యుల గురించి మీరన్నది నిజం, దానికి నా దగ్గర ఎదురు మాట లేదు. చదివి గర్వించినవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. "అక్షరము చంపును" అన్న మాట మాత్రం బైబిల్ చదవొద్దని చెప్పింది కాదు. 2 కొరింథీ 3 మొత్తం చూడండి, మూడో వచనంలో రాతిపలకలు, ఏడో వచనంలో రాళ్ల మీద చెక్కిన పరిచర్య. పాత నిబంధనను, కొత్త నిబంధనను పక్కపక్కన పెట్టి చెప్తున్నాడు పౌలు. ఆ పౌలు బోధించినా సరే, బెరయ అనే ఊరివాళ్లు ఆయన మాటలు అలా ఉన్నాయో లేవో అని ప్రతిదినం లేఖనాలు పరిశోధించారు, కార్యములు 17:11. వాళ్లను ఘనులన్నారు, అవిశ్వాసులని తిట్టలేదు. యోహాను 14:26లో ఆత్మ చేసే పని ప్రభువు చెప్పినవన్నీ జ్ఞాపకం చేయడం. లోపల వేసుకున్నదే కదా జ్ఞాపకానికి వచ్చేది.

ఆత్మానుసారి | ఉదయం 7:30

జ్ఞాపకం చేయడం అన్న మాట ఆలోచించదగ్గదే. మిగతాది ప్రార్థనలో పెడతాను.

డోర్నకల్_మనవరాలు | ఉదయం 11:48

చదువుకున్నవాళ్లకే ఇదంతా అన్నట్టు అనిపించొద్దని రాస్తున్నాను. మా నాయనమ్మకు ఓనమాలు రావు. మాది డోర్నకల్ డయాసిస్ పల్లె. 1912లో అజరయ్య గారు డోర్నకల్‌కు బిషప్ అయ్యాక, ఆంగ్లికన్ బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే, చదువు రాని కూలి జనానికి బాప్తిస్మానికి ముందే విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, బైబిల్ కథలు నోటికి నేర్పించే పద్ధతి ఊరూరా పాతుకుపోయింది. మా నాయనమ్మ ఆ పద్ధతిలోనే పెరిగింది. పొద్దుగూకినంక ఉపదేశి వచ్చి కథ చెప్పేవాడట. మర్నాడు రాత్రి ఎవరో ఒకరిని లేపి అదే కథ చెప్పించేవాడు. ఒక ముక్క వదిలితే పక్కనున్నవాళ్లు పట్టేసేవాళ్లు, ఒక ముక్క కలిపితే ఇంకా గట్టిగా పట్టేసేవాళ్లు.

నేను కాలేజీలో ఉన్నప్పుడు ఏదో వచనం గొప్పగా అప్పజెప్తే నాయనమ్మ అడిగేది: "గది ఎవలతోని అన్నడు? గప్పుడు ఆళ్లకేమైంది?" ఎక్కువసార్లు నేను పుస్తకం తిప్పి చూడాల్సి వచ్చేది. ఆమెకు మాత్రం కథంతా కడుపులో ఉండేది. ఊళ్లో అత్తాకోడళ్ల పంచాయితీకి కూడా ఆమెనే పిలిచేవాళ్లు. రూతు కథ మొత్తం చెప్పి, నయోమి కోపం మీద కాసేపు ఆగేది. "చేదు అని పేరు వెట్టుకున్నది, కోడలిని మాత్రం ఎల్లగొట్టలే" అనేది. తీర్పు అనేదే ఉండేది కాదు, వాళ్లే లేచి ఇంటికి పోయేవాళ్లు.

అన్నా, మీ యూత్‌కి వచ్చే నెల వరకు ఫోన్లు మూయించి ఒక్క కథ నోటితో చెప్పించి చూడండి.

ఫాతిమానగర్_పావురం | మధ్యాహ్నం 1:10

స్తోత్రం. మా కతోలిక బైబిల్లో సీరా జ్ఞానగ్రంథం ఉంది. 8వ అధ్యాయంలో శక్తికి మించి హామీ ఉండకు, ఉంటే నువ్వే కట్టాలనుకో అన్న అర్థంలో ఉంది. 29వ అధ్యాయంలో ఇంకా బాగుంటుంది. మంచివాడు పొరుగువాడికి హామీ ఉంటాడు అని మొదలుపెట్టి, హామీ ఉండి మునిగిపోయినవాళ్లు ఎందరో అంటాడు. రెండూ చెప్పి, నీ శక్తి కొద్దీ సాయం చెయ్యి, నువ్వు పడిపోకుండా చూసుకో అని ముగిస్తాడు.

ప్రార్థనావీరుడు | మధ్యాహ్నం 1:14

అది మా బైబిల్లో లేదు సిస్టర్.

ఫాతిమానగర్_పావురం | మధ్యాహ్నం 1:20

తెలుసు బ్రదర్. చిట్టీలు మాత్రం మీ దగ్గరా ఉన్నాయి, మా దగ్గరా ఉన్నాయి.

జమ్మికుంట_లెక్కలు | మధ్యాహ్నం 2:33

నేను చిట్టీల ఆఫీసుల్లో పని చేసి మానేసినవాణ్ని. కంపెనీ పేర్లు వద్దు. వాక్యం మీరు చూసుకోండి, కాగితం నేను చెప్తా.

"ఒక్క సంతకం" అనేది ఉండదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే రాసుకోకపోతే, షూరిటీ బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. ముందు వాడి దగ్గర వసూలు చేసి, దొరక్కపోతేనే నీ దగ్గరికి రావాలన్న లెక్క లేదు, నేరుగా నీ దగ్గరికే రావచ్చు. పాట పాడుకొని డబ్బు తీసుకున్నవాడు మిగిలిన వాయిదాలన్నీ కట్టాలి. ఎవడికైనా మొదట్లో ఎత్తితే కట్టాల్సింది ఎక్కువ మిగులుతుంది, షూరిటీ నెత్తిన పడేదీ ఎక్కువే. సర్కారు ఉద్యోగి సంతకం మీద అందరికీ అంత మోజు ఎందుకంటే జీతం ఎక్కడికీ పారిపోదు.

మీ అన్నను మూడు అడుగు. ఇంకా ఎన్ని వాయిదాలున్నాయి, నీతో పాటు ఇంకెంతమంది షూరిటీలు, తను ఇంకెవరికైనా షూరిటీ ఉన్నాడా. మూడోదాన్ని ఎవ్వరూ అడగరు. చాలా చోట్ల మనిషికి బదులు ఎల్‌ఐసీ పాలసీ, బ్యాంకు డిపాజిట్ కూడా పెట్టుకుంటారు, ఆ సంగతి కూడా కనుక్కో. కౌలు రైతు కాబట్టి పట్టా కాగితం ఉండదు, అందుకే నీ మీద పడ్డాడు.

రిటైర్డ్_అయ్యగారు (మహబూబాబాద్) | రాత్రి 8:47

ప్రభువు నామమున అందరికీ వందనములు. పిల్లలు బాగా వెదుకుతున్నారు, సంతోషం. రెండు మూడు సంగతులు కలుపుతాను.

మత్తయి 5:42లో ఇమ్మన్నది ఈ రోజు నీ చేతిలో ఉన్నదాన్ని. పూట అంటే రేపు నీ చేతిలో ఉంటుందో లేదో తెలియనిదాన్ని ఈ రోజే రాసివ్వడం. రేపేమి సంభవిస్తుందో మీకు తెలియదని యాకోబు 4:14. సామెతలు 22:27 చూడండి, కట్టడానికి ఏమీ లేకపోతే నీ కింది పరుపు లాక్కుపోతారంటాడు. ఆ ఇంట్లో పడుకునేది నువ్వొక్కడివేనా? నీ భార్యాబిడ్డల పరుపు కూడా అదే. ప్రభువు మాటకూ సొలొమోను మాటకూ పోటీ పెట్టాల్సిన పని లేదు. 3:27లో సామెతలే "మేలుచేయుట నీ చేతనైనప్పుడు వెనుకతియ్యకుము" అంటున్నాయి.

అలాగని పూటపడటమే పాపం అనకండి. ఆదికాండం 43:9లో యూదా తమ్ముడు బెన్యామీను కోసం తండ్రికి పూటపడ్డాడు. 44వ అధ్యాయంలో మాట తప్పకుండా తానే బానిసగా ఉంటానని ముందుకొచ్చాడు. ఫిలేమోనుకు రాసిన పత్రికలో, ఆయన దాసుడు ఒనేసిము బాకీ ఉంటే "నా లెక్కలో చేర్చుము" అని పౌలు తన చేతి రాతతో రాసిచ్చాడు. హెబ్రీ 7:22లో మన ప్రభువే పూటకాపు. వీళ్లలో ఒక్కరు కూడా "వాడు కడతాడులే, నాకేం కాదు" అనుకొని పూటపడలేదు. పూర్తిగా తామే చెల్లించాలని తెలిసి నిలబడ్డారు. తమ్ముడూ, ఆ ఐదు లక్షలూ నీవే అయితే కట్టగలవా, కట్టి మీ అన్నను మునుపటిలాగే ప్రేమించగలవా? అవునంటే సంతకం పెట్టు. కాదంటే వద్దు.

ఇక అధ్యయనం సంగతి. పిల్లలు సొలొమోనును తేలిగ్గా పొగుడుతారు. గిబియోనులో వివేకముగల హృదయం అడిగాడు, దొరికింది. ద్వితీయోపదేశకాండం 17లో రాజుకు మూడు నిషేధాలున్నాయి, గుర్రాలు విస్తారం చేసుకోవద్దు, భార్యలు ఎక్కువ వద్దు, వెండి బంగారాలు కూర్చుకోవద్దు. వాటి వెంటనే, రాజు ధర్మశాస్త్రానికి ప్రతి రాసుకొని బ్రతుకు దినములన్నిటా చదవాలని ఉంది. ఇప్పుడు 1 రాజులు 10, 11 చదవండి. ఐగుప్తు నుంచి గుర్రాలు, యెరూషలేములో రాళ్లంత విస్తారంగా వెండి, ఏడు వందల మంది భార్యలు, మూడు వందల ఉపపత్నులు. మూడూ వరసగా! మూడు వేల సామెతలు చెప్పినవాడికి నియమం తెలియక కాదు. ఎజ్రా 7:10లో వరస వేరు, ముందు పరిశోధించి, దాని ప్రకారం నడుచుకొని, ఆ తరువాతే నేర్పాలని మనస్సు స్థిరం చేసుకున్నాడు. మనం మొదటి మెట్టు నుంచి మూడో మెట్టుకు దూకుతాం. నేను చూసిన బైబిల్ స్టడీల్లో సగం అట్లాంటివే, నాయనా, ఒకరికొకరు నేర్పుకోవడమే, ఇంటికి పోయాక ఎవరూ అడిగేవారు లేరు.

ఒకవేళ కాదని చెప్పాలనుకుంటే ఎలా చెప్తావో అది కూడా చూసుకో. యాకోబు 3:17 ప్రకారం పైనుండి వచ్చే జ్ఞానం పవిత్రమైనది, సమాధానకరమైనది, మృదువైనది. సామెతలు 17:18 చదివి అన్న మొహం మీద "నువ్వు నన్ను తెలివిమాలినవాణ్ని చేయాలని చూస్తున్నావు" అంటే వచనం కరెక్టే, జ్ఞానం మాత్రం కాదు.

నయీంనగర్_తమ్ముడు | శనివారం రాత్రి 10:18

అందరికీ వందనాలు, అయ్యగారూ మీకు ప్రత్యేకంగ. వచనాలన్నీ రాసిన, బుధవారం స్టడీల ఆరుగురం కూసోని ఇదే చదివినం. మత్తయిని సామెతల పక్కన పెట్టి సంఘం పెద్దమనిషికి చూపిచ్చిన. "ఇచ్చుడు వేరు, పూటపడుడు వేరు, గది నిజమే" అన్నడు, ఇంకా ఆలోచిస్త అన్నడు.

అన్నను జమ్మికుంట అన్న చెప్పిన మూడు ప్రశ్నలు అడిగిన. మూడోదానికి జర్రసేపు సప్పుడు జేయలే. ఇంకో ఇద్దరికి ఆయన సుత షూరిటీ ఉన్నడట, వాళ్లు ఈయనకు. ఒకరు ఆగిపోతే అందరూ పడుతరు. నేను ఐదు లక్షలు కట్టలేనని మా ఇంటామెతోని కూసోని లెక్క చూస్కున్న. సంతకం పెట్టలేనని ఇంటికి పోయి చెప్పిన, ఫోన్ల చెప్పలే. నా దగ్గరున్న నలభై వేలు బోరు మోటరుకు ఇచ్చిన, తిరిగి అడగ అని చెప్పిన. వదిన పేరు మీద పాలసీ ఉన్నదంటే అది పెట్టొచ్చా అని అడగనీకి సోమవారం ఆయనతోని ఆఫీసుకు పోతున్న.

అన్న మంచిగనే ఉన్నడు. పెద్దమ్మనే ఫోన్ ఎత్తుతలేదు. "కొలువు వచ్చినంక కండ్లు నెత్తికెక్కినయి" అన్నదని తెలిసింది. దీనికి ఏ వచనం తియ్యాలె?

బాయి_అన్న | రాత్రి 10:31

వచనం వద్దు, పండ్లు తీస్కొని పో. ఆమె తిడితె తిట్టనీ. పూట సంగతి నువ్వు ఎత్తకు.

కాజీపేట_టీచరమ్మ | రాత్రి 10:40

బాయి అన్న చెప్పిందే. వచ్చే బుధవారానికి ఫిలేమోను పెట్టు తమ్ముడూ, ఇరవై అయిదే వచనాలు. నోటితో చెప్పించు, డోర్నకల్ నాయనమ్మలాగా. పౌలు బాకీ మాట ఎప్పుడు ఎత్తుతాడో, అంతకుముందు ఎంతసేపు ప్రేమ గురించే మాట్లాడుతాడో పిల్లలనే పట్టుకోమను.

నయీంనగర్_తమ్ముడు | రాత్రి 10:52

సరే అక్కా. రేపు ఆరాధన అయినంక నర్సంపేట బస్సు ఎక్కుత. బుధవారం సాయంత్రం ఆరున్నరకు స్టడీ, దగ్గరున్నోళ్లు ఎవరైనా రావొచ్చు. నోట్‌బుక్కు తెచ్చుకోండి.

ఫాతిమానగర్_పావురం | రాత్రి 10:55

ఫిలేమోను మా బైబిల్లో కూడా ఉంది. వస్తున్నా.

ప్రార్థనావీరుడు | రాత్రి 10:57

రండి సిస్టర్. ఆ సీరా కూడా పట్టుకు రండి, 29 ఒక్కసారి చూస్తాను.